తోక కోసినా లొంగని లెక్క

మోకాలికి ఆపరేషన్ అయిన మా తమ్ముడు శంకరాన్ని చూసి రావడానికి ఈమధ్య జనగామ నుంచి భూపాలపల్లి వెళ్ళాను. బస్టాండులో ఆటో అతనితో బేరం మొదలుపెట్టి, అతను చెప్పినదాన్ని సగానికి దించి, గెలిచిన సంతోషంతో ఎక్కి కూర్చున్నాను. అతను కాలనీ మొదట్లోనే ఆపేశాడు. "ఇల్లు ఇంకా లోపలికి ఉన్నది నాయినా" అంటే, "మీరిచ్చే పైసలు గీడిదాకనే ఉన్నయవ్వా" అన్నాడు. మాట బాగుంది. నేను దుకాణదారుల ఇంట్లో పుట్టి, దుకాణదారుల ఇంటికే కోడలుగా వెళ్ళినదాన్ని. మంచి మాటకు విలువ కట్టడం తెలుసు, చెల్లించడమే అలవాటు లేదు. సంచి పట్టుకుని, ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకున్న వేపచెట్ల కింద నడుచుకుంటూ పోయాను.

తమ్ముడి మోకాలు బాగానే ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపించి చూపించి దానికే విసుగు పుట్టినట్టుంది. నా కళ్ళు మాత్రం వాడి మనవరాలు స్ఫూర్తి బల్ల మీద నిలిచిపోయాయి. ఆ పిల్ల డిగ్రీలో లెక్కలు చదువుతోంది. లాప్‌టాప్ పక్కన, పెన్నులూ దువ్వెనా చార్జర్ తీగలూ కుక్కిపెట్టిన ఒక ఇత్తడి పాత్ర కనిపించింది. అది కేసముద్రంలో మా తాత ధాన్యం కొలిచిన మానిక. పెన్నులన్నీ మంచం మీద బోర్లించి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అంచు ఒక పక్కన మాత్రమే అరిగి పలచబడి ఉంది. తాత ధాన్యం కుప్పలోకి దాన్ని ఎప్పుడూ ఒకే వాటంగా దించేవాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సిరా వాసన వచ్చింది. కందుల వాసన వస్తుందేమోనని ఇంకోసారి చూశాను. రాలేదు. "ఏంది అమ్మమ్మా, గిన్నెను వాసన చూస్తున్నవ్?" అంది స్ఫూర్తి. నేను వాళ్ళ తాతకు అక్కనైనా, వరస ప్రకారం నన్ను అమ్మమ్మా అనే పిలుస్తుంది. "గిన్నె కాదే, మానిక" అని, గాలిలోనే ముంచి, గాలిలోనే ఒంపుతూ కొలిచి చూపించాను. "లాభం... రెండు... మూడు..."

ఆ పిల్ల నవ్వింది. "ఒకటి ఏమాయె?"

ఒకటి అనకూడదు. ధాన్యం కొలిచే ఇళ్ళలో మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరువాతివి రెండు, మూడు, అలా సాగుతాయి. ఆరు తరువాత ఏడు అని కూడా అనరు, అది ఏడుపును గుర్తు చేస్తుందని "ఆరున్నొకటి" అంటారు. నాకు మాటలు వచ్చిందే ఈ కొలతల మధ్య. బడిలో వేసిన మొదటి రోజు టీచరమ్మ అంకెలు చెప్పమంటే నేను గొంతెత్తి "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టి, ఆరున్నొకటి దగ్గరికి వచ్చేసరికి తరగతి అంతా నవ్వడం చూసి, వీళ్ళు లెక్కలు తెలియని వాళ్ళని నిర్ణయించుకున్నాను. ఒకటి అనేది అంకె అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అసలు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదేమో.

మా దుకాణం కేసముద్రం మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా ఉండేది. ముందు భాగంలో చిల్లర కిరాణా, వెనక పొడవాటి కొట్టం, అందులో రైతుల దగ్గర కొన్న ధాన్యం బస్తాలు. ఇల్లు ఆ వెనక. అంటే వంటింట్లోకి పోవాలన్నా, స్నానానికి పోవాలన్నా బస్తాల మధ్య నుంచే దారి. తెల్లవారుతూనే నాయినమ్మ వాకిట్లో సాన్పి చల్లేది. తడిసిన మట్టి, పేడ వాసన ఒక పక్క నుంచి, రాత్రంతా మూసి ఉన్న కొట్టంలో గోనెసంచుల మగ్గిన వాసన ఇంకో పక్క నుంచి వచ్చి గడప దగ్గర కలిసేవి. మిరప బస్తాలు వచ్చే కాలంలో ఇంటిల్లిపాదీ తుమ్ములతోనే పలకరించుకునేవాళ్ళం. పత్తి కాలంలో అన్నంలోనూ దూది పోగులే. యార్డులో కాంటాలు వచ్చి చాలా కాలమైనా, చిల్లరగా గింజలు తెచ్చే వాళ్ళకు మానికతోనే కొలిచేవాళ్ళు. తండాల నుంచి వచ్చే ఆడవాళ్ళు కాంటాను నమ్మేవాళ్ళు కాదు. ముల్లు అటూ ఇటూ ఎందుకు ఊగుతుందో వాళ్ళకు అర్థమయ్యేది కాదు, నిజం చెప్పాలంటే మాకూ అయ్యేది కాదు. మానిక ఊగదు కదా.

తాతకు ప్రతి మాటా బేరమే. ఎవరు ఎంత చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట "తోక కొయ్యి." డెబ్బై మూడు అంటే ఆ మూడు తోక, అది పోవాలి. దవాఖానలో డాక్టరు అయిదు రోజులు మందు వాడమంటే "మూడు రోజులకు రాయి సారూ, తగ్గకుంటే మళ్ళ మాట్లాడుకుందం" అనేవాడు. చిల్పూరు గుట్ట మీది వెంకటేశ్వరస్వామికి అయిదు కొబ్బరికాయలని మొక్కి, కోరిక తీరాక గుట్ట ఎక్కుతూ ఎక్కుతూ స్వామిని మూడింటికి ఒప్పించేవాడు. "ఒప్పుకున్నడని నీకెట్ల తెలుసు?" అని నాయినమ్మ అడిగితే, "ఒప్పుకోకుంటే మెట్ల మీద కాలు జారుతుండె గదా" అనేవాడు. నేనూ ఆ రక్తమే. జనగామలో ఒకే ధర అని బోర్డు పెట్టిన దుకాణంలోకి పోయి, ఆ బోర్డుకు ఎంత ఖర్చయిందని మాట మొదలుపెట్టి, చివరికి రుమాలు ఒకటి ఊరికే తెచ్చుకున్న ఘనత నాది. ఆ రుమాలు మొదటి ఉతుకుకే రంగు పోయి మా ఆయన తెల్ల చొక్కాలన్నిటినీ గులాబీ రంగు చేసిందన్నది వేరే సంగతి.

తాత దుకాణంలో రెండు మాటలు నోటి నుంచి రాకూడదు. ఒకటి "లేదు", రెండోది "తెల్వదు." సరుకు లేకపోతే "రేపొస్తది" అనాలి. ఒకసారి ఎవరో రైతు తొందరలో దుకాణం పోల్చుకోలేక నాగలి కర్రు ఉందా అని అడిగితే, నాయినమ్మ తల ఎత్తకుండానే "రేపొస్తది" అంది. ధాన్యం కొట్టులో నాగలి కర్రు ఏమిటని మేమందరం నవ్వాము. తాత నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే మానుకోటకు మనిషిని పంపి కర్రు తెప్పించి, ఆ రైతు వచ్చేవరకూ గల్లాపెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాము. "అన్నంక తేవాలె. తేకుంటే రేపు అన్న మాట అబద్ధమైతది" అన్నాడు. ఆ మాట నాకు తరువాత చాలా పనికొచ్చింది, చాలా బరువూ అయింది.

ఇక బస్తాలు పేర్చడం. అది తాత గర్వం. సాయంత్రం కొట్టం మూసే ముందు మిగిలిన బస్తాలన్నీ నిండు వరుసల్లో ఉండాలి. ఆరేసి చొప్పున నాలుగు వరుసలో, అయిదేసి చొప్పున ఏడో, ఎట్లాగైనా సరే, అంచులు నాలుగూ సమంగా రావాలి. పొద్దున తలుపు తీయగానే ఒక్క బస్తా తగ్గినా ఆ చోటు నోట్లో ఊడిన పన్నులా కనపడాలని ఆయన పద్ధతి. హమాలీలు పేర్చాక వచ్చి నాలుగు మూలలూ చూసి, "వరుసకు రాని సరుకు నా కొట్టంల ఇంతవరకు రాలే" అనేవాడు. రోజూ అనేవాడు.

పదో తరగతి పూర్తి కావస్తున్న రోజుల్లో నాకు జనగామ మీద మనసు పడింది. అక్కడ ఇంటర్లో లెక్కల గ్రూపు ఉంది, ఆడపిల్లలకు హాస్టలు ఉంది. మా లెక్కల సారు మానుకోట నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చేవాడు. "నువ్వు లెక్కలు చదవాలె పద్మా" అని ఆయనే నా చెవిలో వేశాడు. నాయినను అడిగితే "మీ తాతను అడుగు" అన్నాడు. ఆయన ఏ సంగతికైనా అదే అనేవాడు. తాతను అడిగితే కాదనలేదు. ఆయన నోట అలాంటి మాట రాదు కదా. "పంపియ్యొచ్చు. కాని నువ్వు పోతే గల్ల మీద ఎవలు కూసుంటరు? మీ నాయిన కూసుంటే అడిగినంత తగ్గిస్తడు, శంకరం కూసుంటే బెల్లం తింటడు. నీ అసొంటి బేరగత్తె నాకు మళ్ళ దొరుకుతదా?" అన్నాడు. అది మెప్పుదల. నన్ను కట్టేసే తాడు కూడా. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, దరఖాస్తు పెట్టాలి, తాత సరేనంటే తప్ప ఇంట్లో ఏదీ కదలదు. అప్పుడు నాకు ఆయన గర్వం గుర్తొచ్చింది. "తాతా, వరుసకు రాని సరుకు నేను చూపిస్తే పంపుతవా?" అన్నాను. ఆయన కళ్ళు చిన్నవి చేసి నన్ను చూశాడు, కొత్త రైతును చూసినట్టు. "చూపియ్యి. పంపుత."

అదృష్టం నా వైపు ఉందనుకున్నాను. ఆ సాయంత్రం కొట్టంలో పదమూడు కంది బస్తాలు మిగిలాయి. పదమూడు ప్రధాన సంఖ్య అని సారు చెప్పి ఉన్నాడు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్య. అంటే ఒకే పొడుగాటి బారుగా తప్ప నిండు వరుసలుగా రాదు, మా ఇంటి భాషలో మొండి లెక్క. తాత చేతులు వెనక్కి కట్టుకుని బస్తాల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక బస్తాను గడప పక్కకు లాగించి, దాని మీద కూర్చుని, మిగిలిన వాటిని నాలుగేసి చొప్పున మూడు వరుసలు పేర్పించాడు. "వచ్చినయి పో" అన్నాడు.

"నువ్వు కూసున్నది?"

"గిది లాభం. లాభాన్ని వరుసల పెడ్తరా?"

నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. రెండు తప్ప ఏ ప్రధాన సంఖ్య తెచ్చినా అది బేసి. లాభం పక్కన పెడితే మిగిలింది రెండు వరుసల్లో నిక్షేపంగా వచ్చేస్తుంది. తాత పద్ధతిలో ప్రపంచంలో మొండి లెక్కే లేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు ఒక ముసలావిడ పెసలు కొనడానికి వచ్చింది. తాత మానిక ముంచి "లాభం" అంటూ ఆమె సంచిలో ఒంపాడు. ఆమె వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"తాతా, ఇప్పుడు లాభం అన్న మానిక ఆమె సంచిల పడ్డదా, బయట పడ్డదా?"

"సంచిలనే."

"దానికి పైసలు తీసుకున్నవా?"

"తీసుకోకుంటే?"

"మరి లాభం లెక్క లోపలిదే గద. బస్తాలకు వచ్చేసరికి బయటికి ఎట్ల పోతది? కొలతల ఒక తీరు, కొట్టంల ఒక తీరా?"

తాత మానిక కింద పెట్టాడు. వంటింట్లోంచి నాయినమ్మ గొంతు వినిపించింది. "మంచిగ అడిగిందిపో." తాత కాసేపు మీసం సవరించుకుని, "సరే, లాభం లోపలిదే. నువ్వు గెలిచినవ్" అని, నేను లేచి గంతు వేయబోతుండగా చెయ్యి ఎత్తి ఆపాడు. "కాని పదమూడు ఏం సరుకే? చిల్లర. చిల్లర బేరానికి జనగామ దాకా పంపుతరా? టోకు బేరం తే. అయిదంకెల లెక్క తే." బేరం కుదిరాక సరుకు మార్చడం అన్యాయం. కానీ నేనూ రోజూ చేసే అన్యాయమే కాబట్టి గట్టిగా ఏమీ అనలేకపోయాను.

సంగతంతా విని సారు చాలాసేపు నవ్వాడు. "మీ తాత దేన్ని చూసినా తోక కొయ్యమంటడు గదా. అయితే ఆయనకు తగ్గ లెక్క ఒకటున్నది" అని సుద్దముక్కతో బల్ల మీద రాశాడు. 73939. "ఇది మొండిదో కాదో నేను చెప్ప. నువ్వే చూసుకొని రా." ఎట్లా చూడాలో మాత్రం చెప్పాడు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, ఇట్లా చిన్న మొండివాటితో ఒక్కొక్కదానితో భాగించి, ప్రతిసారీ ఎంతో కొంత మిగులుతోందో లేదో చూడాలి. రెండు వందల డెబ్బై దాటేదాకా చూస్తే చాలునన్నాడు. గల్లా మీద కూర్చుని, ఉప్పుకు ఉప్పు, చింతపండుకు చింతపండు ఇస్తూ, పలక మీద భాగహారాలు చేశాను. ఏడుతో అయిదు మిగిలాయి. పదమూడుతో ఎనిమిది. పదిహేడుతో ఆరు. ఎక్కడో నూట ముప్పైల్లో ఒక భాగహారం సరిగ్గా పోయేసరికి జనగామ చేజారిందనుకున్నాను. మళ్ళీ చేస్తే తప్పు నాదే. జీవితంలో నా తప్పు బయటపడినందుకు అంత సంతోషించింది అప్పుడొక్కసారే.

ఒక మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు పలక తీసుకుపోయి తాత ముందు పెట్టాను. నాయినమ్మ తొంగి చూసి ముఖం ముడిచింది. "ఆ లెక్కను ఏడుపుతోటి ఎందుకు మొదలువెడ్తివే? మంచిగ ఎనిమిదితోటి మొదలువెట్టరాదు?" తాత దాన్ని తన తీరులో చదువుకున్నాడు. "ఆరున్నొకటి, మూడు, తొమ్మిది, మూడు, తొమ్మిది." యార్డు మొత్తం కలిపినా ఇన్ని బస్తాలు పట్టవన్నాడు. మూడుతో చూశాడు, పదకొండుతో చూశాడు, నోటి లెక్కల్లో ఆయన్ను మించినవాళ్ళు లేరు. రెండు వందల డెబ్బై దాటేదాకా నేను చేసినవన్నీ చెప్పాను.

"ఆడికే ఎందుకు ఆగినవ్? వెయ్యి చొప్పున పేరిస్తే వస్తయేమో."

"వెయ్యి బస్తాల వరుస కడితే వరుసలు ఎన్నైతయి తాతా? డెబ్బై నాలుగు కూడ కావు. ఆ పేర్చిన లాటును అడ్డం నుంచి చూడు. డెబ్బై చిల్లర చొప్పున వరుసలైతయి. అది నేను చూసేసిన."

తాత లేచి కొట్టంలోకి నడిచాడు. పేర్చిన బస్తాలను ఇటు నుంచి చూశాడు, వెళ్ళి అటు నుంచి చూశాడు. జీవితమంతా ఆయన ఆ బస్తాల చుట్టే తిరిగాడు. తిరిగి వచ్చి కూర్చుని, "అవు. అటు నుంచి చూస్తె అదే" అన్నాడు. తరువాత ఆయన బొటనవేలు పలక మీదికి రావడం చూశాను. నేను ఆ క్షణం కోసమే వారాల నుంచి ఎదురుచూస్తున్నాను.

"తోక కొయ్యి" అంటూ చివరి తొమ్మిదిని తుడిచేశాడు. ధరలో అయితే తోక సున్నా అవుతుంది. ఇక్కడ ఏకంగా మాయమై 7393 మిగిలింది. "ఇప్పుడు చెప్పు."

"ఇది కూడ రాదు. పేర్చి చూడు."

తాత కళ్ళు మూసుకుని పేర్చాడు. రెండేసి, ఒకటి మిగిలింది. మూడేసి, ఒకటి మిగిలింది. నాలుగేసి, ఆరేసి, ఏడేసి, ఎనిమిదేసి, ఎట్లా పేర్చినా సరిగ్గా ఒక్క బస్తా మిగులుతోంది. అయిదుకు మాత్రం మూడు మిగిలాయని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కానీ, పదకొండుకు మళ్ళీ ఒకటే మిగిలేసరికి కళ్ళు తెరిచి నాయినమ్మను పిలిచాడు. "ఇటు రా. ఈ లెక్కల లాభం ఎటు పేర్చినా గడప దగ్గరనే కూసుంటున్నది." ఆయన ముఖంలో అప్పటి వెలుగు నేను పెద్ద లారీ లోడు లాభానికి అమ్ముడైనప్పుడు కూడా చూడలేదు. బేరం మాత్రం వదల్లేదు. మళ్ళీ తోక కోశాడు. 739. రాదు. మళ్ళీ కోశాడు. 73. రాదు. ఇంకోసారి తుడిచాడు. పలక మీద ఏడు ఒక్కటే మిగిలింది.

"గిదేం లెక్కే. ఎంత కోసినా దిగుతలేదు" అన్నాడు. ఎంత కోసినా దిగని వాళ్ళంటే తాతకు గౌరవం. నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడాయన పలక నాకు తిప్పి ఇచ్చి, "కొన్నట్టు చూసినం. ఇప్పుడు అమ్మినట్టు చూద్దాం. తోక కోస్తె నిలిచింది, సరే. తోక పెంచుకుంట పోతే? అయిదంకెల మీద ఇంకోటి పెట్టు, దాని మీద ఇంకోటి. ఇట్లనే మొండిగ ఎందాక పోతది?" అన్నాడు.

నాకు తెలియదు. సారు కూడా ఆ సంగతి చెప్పలేదు. తెల్వదు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. జనగామ, హాస్టలు, లెక్కల గ్రూపు అన్నీ ఆ మాట వెనకే జారిపోయేట్టున్నాయి. తాత నా నోటి వైపే చూస్తున్నాడు, నాయినమ్మ చేతిలో చేట ఆగిపోయింది. నేను ఆ మాట మింగేసి, గల్లా మీద వెయ్యిసార్లు అన్న మాటే అన్నాను.

"రేపొస్తది తాతా."

ఆయన అక్కడితో వదల్లేదు. "ఎక్కడి నుంచి వస్తది?"

"జనగామ నుంచి తెప్పియ్యాలె. ఈడ దొరకది."

నాయినమ్మ నవ్వు ఆపుకోవడానికి చేటలో బియ్యం చెరగడం మొదలుపెట్టింది. తాత మీసం కింద కూడా ఏదో కదిలింది. "అన్నంక తేవాలె" అని మాత్రం అన్నాడు. జూన్‌లో నా ట్రంకుపెట్టెను ఆయనే పాసింజరు బండిలోకి ఎక్కించాడు. కూలీతో బేరం తెగకపోవడం వల్ల.

జనగామలో మొదటి ఏడాదిలోనే సగం సరుకు దొరికిందనుకున్నాను. మా లెక్చరర్ ఒకరోజు మొండి సంఖ్యలకు అంతు లేదని బోర్డు మీద నిరూపించింది. నీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించు, దానికి ఒకటి కలుపు. ఆ వచ్చినదాన్ని పాతవాటిలో దేనితో పేర్చినా ఒకటి మిగులుతుంది. కాబట్టి అదే కొత్త మొండిదైనా కావాలి, మనకు తెలియని మొండిది దాని లోపలైనా ఉండాలి. తరగతిలో అందరూ రాసుకుంటున్నారు. నేను మాత్రం ఆ కలిపిన ఒకటి వైపే చూస్తున్నాను. అది లాభం. గడప పక్కన బస్తా మీద కూర్చున్న మా తాత. దసరా సెలవులకు పరుగున పోయి చెప్పాను, మొండి లెక్కలకు అంతే లేదట తాతా అని. ఆయన శ్రద్ధగా విని తల ఊపి, "నేను మార్కెట్ ధర అడగలే బిడ్డా. ఈ సరుకు ధర అడిగిన" అన్నాడు.

ఆ వేసవి సెలవులంతా ఆ ఒక్క లెక్క వెంటే పడ్డాను. 73939 చివర ఒకటి పెట్టినా, మూడు పెట్టినా, ఏడు పెట్టినా, తొమ్మిది పెట్టినా నాలుగూ మొండివేనని తేలింది. అప్పుడు ఇది ఆకాశం దాకా పోతుందనుకున్నాను. ఇంకో సెలవుల్లో ఏడో అంకెకు ఎక్కాను, 7393913. అక్కడికి భాగహారాలు వేల దాకా పోవాలి, పలక చాలదు, ఓపికా చాలదు. ప్రతిసారీ తాత "ఎందాక వచ్చినవే?" అనేవాడు, నేను "ఇంకా పోతనే ఉన్నది" అనేదాన్ని. ఇద్దరికీ ఆ జవాబు నచ్చేది. ఆ తరువాత నాకు జనగామలోనే స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళింట్లో పెళ్ళయింది. లెక్కలు చదివినందుకు గ్లాసులు డజన్ల లెక్కన అమ్మే పని దొరికింది. చివరిసారి చూడటానికి పోయినప్పుడు తాతకు మాట సరిగ్గా రావడం లేదు. నన్ను చూసి బొటనవేలితో దుప్పటి మీద ఏదో పెట్టినట్టు, ఇంకోటి పెట్టినట్టు చూపించాడు. నేను "పోతనే ఉన్నది తాతా" అన్నాను. ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. అది అబద్ధం కాదు. నిజమని కూడా నాకు తెలియదు.

ఇదంతా స్ఫూర్తికి చెప్పాను. తమ్ముడు మంచం మీద నుంచి "నేను బెల్లం తిననే లేదు" అని ఒక అబద్ధం ఆడాడు. ఆ పిల్ల వింటూ వింటూనే లాప్‌టాప్ ముందుకు లాక్కుని టకటకా ఏదో రాసింది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేలోపే తెర నాకు తిప్పింది. "ఎనిమిది అంకెల దగ్గర ఆగిపోయింది అమ్మమ్మా. గిదే ఆఖరుది."

73939133.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. నేను ఆగిన చోటికి ఒక్క అంకె దూరం. ఇన్నేళ్ళూ నేను ఆకాశం అనుకున్నది అటక పాటి ఎత్తే. "ఇంకొక్కటి పెట్టి చూడవే" అన్నాను. అలవాటు. "పెట్టరాదు. సరి అంకె పెడితే రెండుకు పోతది, అయిదు పెడితే అయిదుకు పోతది. మిగిలినవి నాలుగే." ఆ నాలుగింటిలో ఒకటి, ఏడు సంగతి నేనే చూస్తానన్నాను. అంకెలన్నీ కూడితే ముప్పై ఎనిమిది. ఒకటి పెడితే ముప్పై తొమ్మిది, ఏడు పెడితే నలభై అయిదు, రెండూ మూడుకు లొంగేవే. మూడు, తొమ్మిది పెట్టినా ఏదో ఒకదానికి భాగం పోతాయని లాప్‌టాప్ చెప్పింది. ఏ అంకెతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయినా ఇంతకంటే పెద్దది ఇంకోటి దొరకదట. ముందు నుంచి కోసుకుంటూ వచ్చేవి మాత్రం ఇరవై నాలుగంకెల దాకా ఉన్నాయట. అది తాతకు పనికిరాదు, ఏ బేరగాడూ తల వైపు నుంచి కోయడు.

జవాబు దొరికినందుకు సంతోషించాలి. కానీ బేరం ఆడకుండానే చేతికి వచ్చిన సరుకులా, అది నా చేతిలో తేలిగ్గా ఉంది. రెండు వేసవులు పెట్టి రెండు అంకెలు ఎక్కినప్పుడు ఒక్కో అంకె ఒక్కో బస్తా బరువుండేది. అయినా నేను ఫిర్యాదు చేసే రకం కాదు, సరుకు చూశాక లోపం వెతికే రకం. మానిక అంచు మీద వేలు తిప్పుతూ వెతికాను. డజన్లతో బతికినదాన్ని కదా, దొరికింది.

"స్ఫూర్తీ, ఇదంతా పదుల లెక్కల కదనే. పది నిండితే పక్క గదిల ఒకటి రాసుకుంటం కాబట్టి తోక ఇట్ల వచ్చింది. మా దుకాణంల లెక్క డజన్లల్ల పోతది. పన్నెండు నిండితేనే పక్క గది అనుకుంటే, అప్పుడు ఎందాక పోతది?"

ఆ పిల్ల వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. తెర వైపు చూసింది, నా వైపు చూసింది. కనుబొమల మధ్య సన్నటి గీత పడింది. అది మా తాతది. "అది... నాకు తెల్..." అని మొదలుపెట్టింది.

నేను మానిక ఎత్తి చూపించాను.

స్ఫూర్తి ఆగి, మంచం మీద చెల్లాచెదరుగా పడిన పెన్నుల్లోంచి ఒకటి తీసుకుంది.

"రేపొస్తది అమ్మమ్మా" అంది.